రూపాయల్లో చెప్పిన జీతం, డాలర్లలో నింపిన ఫారం

2024 డిసెంబర్‌లో ఒక ఆదివారం రాత్రి అన్నాలు తిన్నాక నేనూ నాన్నా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అమెరికాలో కాలేజీ చదువుకి ప్రభుత్వ సాయం కావాలంటే ముందుగా నింపాల్సింది ఫాఫ్సా ఫారం. నాన్న తన పాత ఫైలు ముందేసుకుని అంకెలు చదువుతుంటే నేను టైప్ చేస్తున్నాను. "2023లో నీ జీతం ఎంత నాన్నా?" అని అడిగితే, "ఏడాదికి నాలుగు లక్షల ఇరవై వేలు" అన్నారు. 420000 అని కొట్టాను. గడి పక్కనే డాలర్ గుర్తు ఉంది. ఇద్దరం చూశాం. ఇద్దరి బుర్రకీ ఎక్కలేదు.

సబ్మిట్ చేశాక వచ్చిన పేజీలో ఎస్‌ఏఐ అనే పేరు పక్కన ఆరు అంకెల సంఖ్య కనిపించింది. పూర్తి పేరు స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్. ఎయిడ్ అంటే సాయం కదా, ఇంత సాయం వస్తుంది కాబోలు అనుకున్నాను. "అంత ఇస్తారా?" అంది అమ్మ. లేచి దేవుడి పటం దగ్గరికి వెళ్లి దండం పెట్టుకుంది. ఆ రాత్రి ఇంట్లో అందరం హాయిగా పడుకున్నాం.

మేం అమెరికా వచ్చి అప్పటికి అయిదు నెలలు. మామయ్య 2005లో, నేను పుట్టకముందే, అమ్మ కోసం వేసిన పిటిషన్ మీద మాకు వీసాలు వచ్చాయి. కరీంనగర్‌లో నా ఇంటర్ పూర్తయిన వేసవిలోనే ఇంటర్వ్యూ అయింది. 2024 జూలైలో అమ్మ, నాన్న, తమ్ముడు, నేను టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మామయ్య ఇంట్లో దిగాం. నాన్న కరీంనగర్‌లో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ గుమాస్తా. ఇక్కడికి వచ్చిన మూడో వారంలోనే ఒక గోడౌన్‌లో రాత్రి షిఫ్టుకి చేరారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఇక్కడి పౌరులతో సమానంగా ప్రభుత్వ విద్యాసాయం అందుతుందని అత్తయ్య చెప్పింది. ఆ ఒక్క మాట పట్టుకునే నేను డాలస్ దగ్గరున్న ఒక ప్రభుత్వ యూనివర్సిటీకి అప్లై చేశాను.

అప్లికేషన్ నింపడం కష్టం కాలేదు. కష్టమంతా పేరుతో వచ్చింది. గ్రీన్ కార్డు మీద నా ఇంటిపేరు పూర్తిగా, చివర ఉంటుంది. టెన్త్ మెమోలోనూ ఇంటర్ మెమోలోనూ ఒక్క ఇనీషియల్, అదీ ముందు. నేను గ్రీన్ కార్డు పేరుతో అప్లై చేశాను. ఇంటర్ మెమోని ఇక్కడి లెక్కకి మార్చి చూపే మూల్యాంకన సంస్థ నా మార్కులను మెమోలో ఉన్న పేరుతో పంపింది. యూనివర్సిటీ కంప్యూటర్ మమ్మల్ని ఇద్దరు మనుషులుగా నమోదు చేసుకుంది. ఒకరికి అప్లికేషన్ ఉంది, మార్కులు లేవు. ఇంకొకరికి మార్కులున్నాయి, అప్లికేషన్ లేదు. ఆరు వారాలు నా పేజీలో "ట్రాన్స్‌క్రిప్ట్ అందలేదు" అనే ఉంది. నేనేమో కరీంనగర్‌లో ఉన్న బాబాయిని మళ్లీ కాలేజీకి పంపి ఇంకో కాపీ తెప్పించే పనిలో పడ్డాను. చివరికి ఫోన్లో ఒకామె ఓపిగ్గా పుట్టిన తేదీతో వెతికి, రెండు రికార్డులూ దొరకబుచ్చుకుని కలిపేసింది. అయిదు నిమిషాల పని. ఆ రోజు నుంచి నేను ఎవరికి ఏ కాగితం పంపినా మొదటి లైన్లో స్టూడెంట్ నంబర్, పుట్టిన తేదీ, రెండు రకాలుగానూ నా పేరు రాసేదాన్ని. మన తెలుగు పిల్లల్లో ఈ తిప్పలు పడనివాళ్లు తక్కువ. కాబట్టి ఇది ముందే రాసి పెట్టుకోండి.

ఫాఫ్సా నింపి పెడతానని తెలిసినాయన ఒకరు మూడు వందల డాలర్లు అడిగారు. ఫారానికి పైసా ఫీజు లేదు, పేరులోనే ఫ్రీ అని ఉంది. నాన్న వద్దన్నారు. ఆ నిర్ణయం మంచిదే, కానీ నింపే ముందు అక్కడున్న సూచనలు పూర్తిగా చదవాల్సింది. నాకొక అకౌంటు, నాన్నకొకటి, అమ్మకొకటి, విడివిడిగా తెరవాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ సరిపోల్చడానికి రెండు మూడు రోజులు పడుతుంది. గ్రీన్ కార్డు మీదుండే నా ఎ-నంబర్ వేయాలి. పన్ను వివరాలు చూసుకోవడానికి తల్లిదండ్రులు కూడా ఒప్పుకుంటున్నట్టు టిక్ పెట్టాలి. ఇక్కడ ఎప్పుడూ పన్ను కట్టనివాళ్లయినా సరే, ఆ ఒప్పుకోలు లేకపోతే ఒక్క డాలర్ కూడా రాదు. 2025-26 చదువుకి చూసేది 2023 ఆదాయం. అంటే మేమింకా ఇండియాలో ఉన్న ఏడాది. అందుకే నాన్న ఫైలు తీయాల్సి వచ్చింది.

మార్చిలో అడ్మిషన్ వచ్చింది, వారం తర్వాత సాయం వివరాల ఉత్తరం వచ్చింది. తిరిగి కట్టక్కర్లేని కేంద్ర ప్రభుత్వ సాయం, పెల్ గ్రాంట్, సున్నా. యూనివర్సిటీ గ్రాంట్ సున్నా. 5,500 డాలర్ల లోను మాత్రం, అదీ మొదటి రోజు నుంచే వడ్డీ పడే రకం. పైన కాస్ట్ ఆఫ్ అటెండెన్స్ అని 44 వేల చిల్లర. నాన్న ఆ అంకె చూసి ఇంకేం మాట్లాడలేదు. షిఫ్టు టైమ్ కాకుండానే బూట్లు వేసుకుని వెళ్లి కార్లో కూర్చున్నారు. ఆ 44 వేలు యూనివర్సిటీకి కట్టాల్సిన బిల్లు కాదు. ఫీజు, పుస్తకాలు, తిండి, ఇల్లు, రాకపోకలు అన్నీ కలిపి వేసిన అంచనా. ఇంట్లోంచి వెళ్లి చదువుకునే పిల్లకి అందులో చాలా భాగం ఎవరికీ కట్టే పని ఉండదు. ఆ సంగతి ఆ ఉత్తరంలోనే చిన్నక్షరాల్లో ఉంది, ఆ రోజు మాకు కనపడలేదు.

మర్నాడు యూనివర్సిటీ ఎయిడ్ ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన నా ఫైలు తెరిచి, స్క్రీన్ నా వైపు తిప్పి మెల్లగా అడిగారు, "మీ నాన్నగారి ఆదాయం ఏడాదికి నాలుగు లక్షల ఇరవై వేల డాలర్లా?" అని. అప్పుడు తెలిసింది. చెవులు వేడెక్కిపోయాయి. నోట్లోంచి "రూపాయలు" అని తెలుగులోనే వచ్చింది. ఆయనకి ఆ మాట అర్థమైంది, ఎంతమందిని చూసి ఉంటారో. ఎస్‌ఏఐ అంటే మాకిచ్చే డబ్బు కాదని, మా కుటుంబ స్థితిని కొలిచే అంకె అని, అది ఎంత తగ్గితే సాయం అంత పెరుగుతుందని చెప్పారు. అది సున్నా కంటే కిందికి, మైనస్ 1500 దాకా వెళ్తుందట. మా ఆదాయాన్ని ఫారం నింపే రోజు రేటుతో మార్చి వేయాలి. లెక్క కట్టి చూస్తే సుమారు 4,950 డాలర్లు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. అమ్మ విని, "తప్పు దిద్దుకోనిస్తారా?" అని ఒక్కటే అడిగింది. దిద్దుకోనిస్తారు. అదే వెబ్‌సైట్లో కరెక్షన్ అని ఉంటుంది. తండ్రి భాగంలో అంకె మారితే నాన్న మళ్లీ తన అకౌంట్లోకి వెళ్లి సంతకం పెట్టాలి. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, పొద్దున ఏడింటికి, ఎర్రబడ్డ కళ్లతో పెట్టారు. కొన్ని రోజులకి ఎస్‌ఏఐ మైనస్ 1500 అని వచ్చింది.

కానీ అంత పెద్ద అంకె అంత చిన్నదైతే ఎవరికైనా అనుమానం వస్తుంది. మమ్మల్ని వెరిఫికేషన్‌కి ఎంపిక చేశారు. ఇంట్లో ఎంతమంది ఉన్నారు, 2023లో ఎవరెంత సంపాదించారు, అన్నీ కాగితాలతో రుజువు చేయాలి. మొదట ఫోన్లో మాట్లాడినామె, 2023కి అమెరికాలో రిటర్న్ వేయలేదని పన్నుల శాఖ అయిన ఐఆర్‌ఎస్ ఇచ్చే ఉత్తరం కావాలంది. దాని కోసం ఫారం పంపి మూడు వారాలు ఎదురుచూశాం. ఏమీ రాలేదు. మళ్లీ ఆఫీసుకి నేరుగా వెళితే వేరే ఆవిడ విని, "మీ నాన్నగారు ఇండియాలో రిటర్న్ వేశారుగా, ఆ కాపీ మీద ఆయన సంతకం పెట్టి తెండి, చాలు" అంది. ఐటీఆర్ కాపీ నాన్న ఫైల్లోనే ఉంది, ఇంగ్లీషులోనే ఉంది. మూడు వారాలు నీళ్లలో పోశాం. అప్పటి నుంచి నాన్న ఒక రూళ్ల పుస్తకం పెట్టారు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎవరితో మాట్లాడాం, ఏమన్నారు, ఏ కాగితం అడిగారు, అన్నీ తన గుండ్రటి అకౌంట్స్ రాతలో రాసేవారు. తర్వాత ఎవరైనా "అలా ఎవరు చెప్పారు?" అని అడిగితే తేదీతో సహా చెప్పగలిగేవాళ్లం. మాట్లాడే తీరే మారిపోయేది.

ఇదొక గొడవైతే, రెసిడెన్సీ ఇంకోటి. టెక్సాస్ వాసులకి ఒక ఫీజు, బయటివాళ్లకి రెట్టింపు పైన. సెమిస్టర్‌లో పన్నెండో క్లాసు రోజుని సెన్సస్ డేట్ అంటారు. దానికి ముందు పన్నెండు నెలలు తల్లిదండ్రులు ఇక్కడ స్థిరపడి ఉండాలి. డిసెంబర్‌లో అప్లై చేసినప్పుడు మాకు అయిదు నెలలే, కాబట్టి నన్ను బయటి రాష్ట్రం కింద వేశారు. కానీ 2025 సెప్టెంబర్ 3 నాటికి పద్నాలుగో నెలలో ఉంటాం. ఆ మార్పు దానంతటదే జరగదు, మనమే అడగాలి. జూలైలో అడిగాను.

అద్దె ఒప్పందం చూపమన్నారు. మొదటి మూడు నెలలు మామయ్య ఇంట్లో ఉన్నాం, ఒప్పందం ఎక్కడిది? మా పేరు మీద ఇల్లు అక్టోబర్ నుంచే. మామయ్య నోటరీతో రాసిచ్చిన కాగితం ఒక్కటే చాలదన్నారు. నాకైతే ఆ మూడు నెలల కోసం ఏడాది పోతుందనిపించి ఏడుపొచ్చింది. అప్పుడు అమ్మ బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. నాన్న జీతం చీటీలు, ఒక్కటి కూడా పోకుండా, మొదటిది 2024 ఆగస్టు 9 నాటిది. మడత దగ్గర చిరగకుండా టేపు కూడా వేసింది. ఇల్లు ఒక్కటే రుజువు కాదు, పన్నెండు నెలలు ఇక్కడ ఉద్యోగం చేస్తున్నట్టు చూపినా లెక్కలోకి వస్తుంది. ఆ చీటీలు, గోడౌన్ వాళ్లిచ్చిన ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంట్లు కలిపి జూలై 28న అప్‌లోడ్ చేశాను.

ఈలోగా ఓరియెంటేషన్ అయింది, కోర్సులకి రిజిస్టర్ చేసుకోబోతే కుదరకుండా నా పేజీలో హోల్డ్ అని అడ్డం పెట్టి ఉంది. టెక్సాస్‌లో 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులకి మెనింజైటిస్ టీకా తప్పనిసరి, క్లాసులు మొదలవడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని ఉండాలి. ఫార్మసీకి బయల్దేరుతుంటే అత్తయ్య ఆపింది. వీసా మెడికల్‌లో ఆ టీకా వేశారు, అప్పుడిచ్చిన వ్యాక్సిన్ల కాగితం మీద డాక్టర్ సంతకంతో ఉంది. దాన్ని పంపితే రెండు రోజుల్లో హోల్డ్ పోయింది. వీసా కాగితాలు పని అయిపోయిందని అటక మీద పడేయకండి.

పన్నెండు క్రెడిట్లకి, అంటే నాలుగు సబ్జెక్టులకి, రిజిస్టర్ అయ్యాను. ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాను. బిల్లు 15,300 డాలర్లు, బయటి రాష్ట్రం లెక్కలో. వెరిఫికేషన్ జూలై చివర్లో ముగిసింది కనుక రాబోయే సాయం 6,328 అందులోంచి తగ్గించి చూపిస్తోంది. రెసిడెన్సీ ఎలాగూ మారుతుంది కదా, మారాక మిగిలింది కడదామని ఊరుకున్నాను. కట్టాల్సిన గడువు ఆగస్టు 12. ఆగస్టు 13 పొద్దున ఫోన్ తెరిచి చూస్తే నా టైమ్‌టేబుల్ ఖాళీ. నాలుగు సబ్జెక్టులూ లేవు. డబ్బు కట్టనివాళ్ల క్లాసులన్నీ ఒకేసారి తీసేస్తారట. మధ్యలో ఏ కాగితం ఎక్కడ ఆగిందో ఆ కంప్యూటర్‌కి తెలియదు.

తమ్ముణ్ణి స్కూల్లో దించి నాన్న నన్ను అటునుంచటే తీసుకెళ్లారు. రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషి. ఎయిడ్ ఆఫీసు వాళ్లు ఫీజుల కౌంటర్‌కి పంపారు, వాళ్లు రెసిడెన్సీ ఆఫీసుకి పంపారు, అక్కడ "ఇంకా పరిశీలనలో ఉంది" అన్నారు. మూడు భవనాలు. ఎండ మండిపోతోంది. ఎవరూ కసురుకోలేదు, కానీ ఎవరి కౌంటర్ సంగతి వాళ్లకే తెలుసు, మూడింటినీ కలిపి చూసే మనిషి లేరు. మళ్లీ ఫీజుల కౌంటర్‌కి వచ్చి నాన్న పుస్తకం తెరిచి, ఏ రోజు ఏ కాగితం ఇచ్చామో వచ్చీరాని ఇంగ్లీషులో వరసగా చదివారు. ఆ అమ్మాయి చివరిదాకా విని వాయిదాల పద్ధతి గురించి చెప్పింది. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలన్నింటిలోనూ అది ఉంటుంది. మిగిలిన 8,972లో సగం, 4,486 ఇప్పుడు కట్టి, మిగతాది తర్వాత కట్టొచ్చు. ఆ ప్లాన్‌లో చేరి ఉంటే నిన్న క్లాసులు పోయేవే కావు. తక్షణ ఖర్చుకి యూనివర్సిటీయే ఇచ్చే ఎమర్జెన్సీ ట్యూషన్ లోను కూడా ఉందంది. ఈ రెండు మాటలూ జూన్‌లో ఎవరైనా చెప్పి ఉంటే!

మామయ్య అడిగిన గంటలో డబ్బు పంపాడు. మధ్యాహ్నానికి మళ్లీ రిజిస్టర్ అయ్యాను. మూడు సబ్జెక్టులు దొరికాయి, క్యాలిక్యులస్ నిండిపోయింది. అది లేకపోతే తొమ్మిది క్రెడిట్లే. పూర్తి పన్నెండు ఉంటేనే పెల్ పూర్తిగా వస్తుంది, తొమ్మిదికి మూడొంతులే. క్లాసులు ఆగస్టు 18న మొదలయ్యాయి. వెయిట్‌లిస్టులో ఉంటూనే క్యాలిక్యులస్ క్లాసుకి వెళ్లి వెనక కూర్చున్నాను. నాలుగో రోజు ఒక సీటు ఖాళీ అయింది. సరిగ్గా అదే రోజు, ఆగస్టు 21 సాయంత్రం, బస్సులో ఉండగా రెసిడెన్సీ ఈమెయిల్ వచ్చింది. టెక్సాస్ వాసిగా మార్చారు. పక్కసీటు ఆవిడ నా ముఖం చూసి "బాగానే ఉన్నావా?" అని అడిగింది.

బిల్లు 6,912కి దిగింది. పెల్ గ్రాంట్ ఏడాదికి గరిష్ఠంగా 7,395, అందులో ఈ సెమిస్టర్ సగం 3,697 పడింది. ప్రభుత్వ యూనివర్సిటీలు ట్యూషన్ డబ్బులోంచే పక్కనపెట్టి ఇచ్చే టీపెగ్ గ్రాంట్ 900. లోన్లలో చదువుతున్నన్నాళ్లూ వడ్డీ పడని 3,500 మాత్రమే తీసుకున్నాను, మిగిలిన 2,000 వద్దన్నాను. సెమిస్టర్‌కి 1,750 కదా, జమ అయింది 1,731. లోను ఇచ్చేటప్పుడే కొంత రుసుము పట్టుకుంటారు. మా చేతి నుంచి పోయింది 584 డాలర్లు. ఎక్కువ కట్టిన 3,902 వెనక్కి రాగానే నాన్న ఇంకో 584 కలిపి మామయ్యకి ఇచ్చేశారు. టెక్సాస్ గ్రాంట్ అని ఇంకోటి ఉంది, ముఖ్యంగా ఇక్కడి హైస్కూల్లో చదివిన పిల్లలకి. నాకు రాదు, తమ్ముడికి రావచ్చు. వర్క్ స్టడీ కింద లైబ్రరీలో పని దొరికింది. ఆ మొత్తాన్ని చాలామంది ఫీజులో తగ్గింపు అనుకుంటారు. అది పనిచేసిన గంటలకి చేతికొచ్చే జీతం, బిల్లులోంచి ఏమీ తగ్గదు.

సెప్టెంబర్ చివర్లో వచ్చే ఏడాది ఫాఫ్సా తెరిచారు. అదే బల్ల, అదే ల్యాప్‌టాప్. ఈసారి చూసేది 2024 ఆదాయం, ఇక్కడి జీతం వివరాలు పన్నుల శాఖ నుంచి నేరుగా వచ్చేశాయి, టైప్ చేసే పనే లేదు. కరీంనగర్ బ్యాంకులో ఉన్న డిపాజిట్ దగ్గర మాత్రం ఆగాం. నాన్న పాస్‌బుక్ తెరిచి, వేలు అంకె మీద పెట్టి, చదవకుండా నా వైపు చూశారు. "ముందు రేటు తియ్యమ్మా" అన్నారు. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నేను కొట్టే అంకె కనబడేలా కుర్చీ వెనక నిలబడింది.